తేటనీళ్ళలో దాగినది

మిడుతూరు బావిలోంచి ఒక చెంబెడు నీళ్ళూ, నల్లగొండ బావిలోంచి ఒక చెంబెడు నీళ్ళూ తెచ్చి పక్కపక్కన పెట్టామనుకోండి. రెండూ తేటగానే కనబడవచ్చు. ఏవి మంచివో, ఏవి కావో చూసి చెప్పటం ఎవరితరమూ కాదు.

అప్పటి మద్రాసు ప్రెసిడెన్సీలోని నెల్లూరు జిల్లాలో కొన్ని పల్లెలను ఒక జబ్బు పీడించేది. పిల్లల పళ్ళమీద గోధుమరంగు మచ్చలుండేవి. పెద్దవాళ్ళలో కొందరికి వెన్నెముక బిగుసుకుపోయి, నడుం వంచటానికి కూడా వీలయేది కాదు. షార్ట్ అనే వైద్యుడూ, ఆయన తోటివారూ దీన్ని పరిశోధించి, 1937లో కారణం ప్రకటించారు. ఆ జనం తాగే నీళ్ళలో ఫ్లోరైడు ఎక్కువగా ఉన్నది!

ఫ్లోరైడు ఒక అయాను. అయాను ఎలా పుడుతుందో తెలుసుకోవటానికి మన వంటింటి ఉప్పు చాలు.

ప్రతి పరమాణువుకూ మధ్య కేంద్రకమూ, చుట్టూ పొరలుగా ఎలెక్ట్రానులూ ఉంటాయి. కేంద్రకానిది ధనవిద్యుత్తు, ఎలెక్ట్రానులది రుణవిద్యుత్తు. రెండూ సమానం గనక పరమాణువులో ఏ విద్యుత్తూ బయటపడదు. సోడియంకు 11 ఎలెక్ట్రానులు. వెలుపలి పొరలో ఉన్నది ఒక్కటే. క్లోరిన్‌కు 17, వెలుపలి పొర నిండటానికి ఒక్కటే తక్కువ. ఈ రెండూ కలిసినప్పుడు సోడియం తన ఒక్క ఎలెక్ట్రానునూ ఇచ్చివేస్తుంది, క్లోరిన్ పుచ్చుకుంటుంది. ఇచ్చినది ధన అయాను అయింది; పుచ్చుకున్నది రుణ అయాను అయింది. అప్పు పుచ్చుకున్నదానికి ఆ పేరు బాగానే కుదిరింది! ధనమూ రుణమూ ఒకదాన్నొకటి ఆకర్షించుకుని, వరసలు తీరి కూర్చుంటే అదే ఉప్పుగల్లు. సోడియం నీటిలో పడితే భగ్గుమంటుంది, క్లోరిన్ విషవాయువు. అయాన్లు కాగానే అవే మన కూరకు రుచి!

ఫ్లోరిన్ క్లోరిన్‌కు తమ్ముడి వరస. 9 ఎలెక్ట్రానులున్న ఈ పరమాణువు కూడా ఒకటి పుచ్చుకుని ఫ్లోరైడు అవుతుంది. కాల్షియం మాత్రం రెండు ఎలెక్ట్రానులు ఇస్తుంది. అందుచేత ఒక్క కాల్షియం అయానుకు రెండు ఫ్లోరైడు అయాన్లు కావాలి. ఆ పట్టు ఎంత గట్టిదంటే, కాల్షియం ఫ్లోరైడు నీళ్ళలో బహు కొద్దిగా మాత్రమే కరుగుతుంది. సోడియం ఫ్లోరైడు అలా కాదు, సులువుగా కరుగుతుంది. కొన్నిరకాల రాళ్ళలో ఫ్లోరైడు ఉంటుంది. అటువంటి చోట ఊరే నీళ్ళలో కాల్షియం తక్కువై, సోడియం ఎక్కువైతే, ఫ్లోరైడు నీళ్ళలోనే ఉండిపోతుంది.

మన పళ్ళలోనూ ఎముకల్లోనూ కాల్షియం ఉన్నదిగదా! ఫ్లోరైడు అక్కడికి పోయి, హైడ్రాక్సైడు అనే మరొక రుణ అయానును తప్పించి, దాని చోట కూర్చుంటుంది. కొద్దిగా ఉంటే పళ్ళు పుచ్చకుండా కాపాడుతుంది. ఏళ్ళ తరబడి ఎక్కువగా చేరితే ఎముకలకే ముప్పు. లీటరు నీళ్ళలో ఫ్లోరైడు 1.5 మిల్లీగ్రాములు మించరాదని ప్రపంచ ఆరోగ్యసంస్థ చెప్పింది.

"నీళ్ళు కాచి తాగితే పోదా?" అని మీరు అడగవచ్చు. కాస్తే క్రిములు చస్తాయిగాని, అయాన్లు చావవు. పైగా నీరు ఆవిరై తగ్గినకొద్దీ ఫ్లోరైడు పాలు పెరుగుతుంది.

నాగపూరులోని జాతీయ పర్యావరణ ఇంజనీరింగ్ పరిశోధనసంస్థవారు 1970ల్లో ఒక ఉపాయం రూపొందించారు. నల్లగొండ పేరే దానికి పెట్టారు. పటికా, సున్నమూ కొలత ప్రకారం నీళ్ళలో కలిపి, బాగా తిప్పి, కదపకుండా ఉంచుతారు. పటికలోని అల్యూమినియం తెల్లని దూదిపింజల్లాగా విడివడి, ఫ్లోరైడును పట్టుకుని అడుక్కు దిగుతుంది. పైన తేరిన నీళ్ళు వంచుకుంటారు. అయితే పాళ్ళు ఒక్కొక్క బావికి ఒక్కొక్క విధంగా ఉంటాయి. కనక నీళ్ళు పరీక్ష చేయించకుండా ఇంట్లో ఈ పని చేయరాదు.

పిల్లలూ, ఈ పూట మీ అమ్మా నాన్నలను ఒక్క మాట అడగండి: మనం తాగే నీళ్ళను ఎవరైనా పరీక్ష చేశారా? ఆ సంగతి తెలుసుకునేదాకా, నీళ్ళు తేటగా ఉన్నాయిగదా అని నమ్మకండి.