ఉప్పుటేరు పూడితే...

మా కైకలూరు వాళ్లకి ఒక విషయం ఎవరూ చెప్పక్కర్లేదు. బుడమేరు, తమ్మిలేరు తెచ్చిన నీళ్లన్నీ కొల్లేట్లో చేరతాయి. అవి సముద్రంలోకి పోడానికి దారి ఉప్పుటేరు. అది పూడుకుపోతే నీళ్లు వెనక్కి తన్ని లంక గ్రామాల్ని ముంచేస్తాయి. మా పిన్ని కిడ్నీకి జరిగింది అచ్చం ఇదే.

పిన్నికి ఇంటర్ నుంచీ పీరియడ్స్ నొప్పి ఎక్కువ. "పెళ్లయితే సర్దుకుంటుంది" అన్నారు. పెళ్లయింది. "పిల్లలు పుడితే పోతుంది" అన్నారు. ఇద్దరు పుట్టారు. నొప్పి మాత్రం పోలేదు. తర్వాత ఎడమ డొక్కలో కూడా లాగడం మొదలైంది. గ్యాస్ అన్నారు, రాయి అన్నారు. బార్లీ నీళ్లు తాగించారు. చివరికి ఏలూరులో స్కాన్ తీయిస్తే ఎడమ కిడ్నీ ఉబ్బి ఉంది. రాయి మాత్రం ఎక్కడా లేదు.

విజయవాడలో చూసిన డాక్టరమ్మ ముందు ఒకటే అడిగింది: "నొప్పి ఏ తేదీల్లో వస్తోందమ్మా?" అప్పటిదాకా ఎవరూ అడగని ప్రశ్న అది. పిన్ని గోడ క్యాలెండర్‌లో పాల లెక్క పక్కనే చుక్కలు పెట్టుకునేది. డొక్క నొప్పి తేదీలు, పీరియడ్స్ తేదీలు ఒకటే.

గర్భసంచి లోపల నెలనెలా పెరిగి రాలిపోయే పొర ఒకటుంటుంది. అలాంటిదే గర్భసంచి బయట పెరిగితే ఎండోమెట్రియోసిస్ అంటారు. ప్రపంచ ఆరోగ్య సంస్థ లెక్కలో పిల్లల్ని కనే వయసు ఆడవాళ్లలో దాదాపు 10 శాతం మందికి, అంటే సుమారు 19 కోట్ల మందికి ఇది ఉంది. అదీ నెలనెలా వాచి, చుట్టూ మచ్చ కట్టి గట్టిపడుతుంది. కొద్దిమందిలో ఇది మూత్రాశయానికో, కిడ్నీ నుంచి మూత్రం దిగే గొట్టానికో పాకుతుంది. ఆ గొట్టమే యురేటర్. అంటే మన ఉప్పుటేరు. అది నొక్కుకుపోతే మూత్రం వెనక్కి తన్ని కిడ్నీ ఉబ్బుతుంది. కిడ్నీ లోపలే పెరగడం చాలా అరుదు. అలా పెరిగితే స్కాన్‌లో క్యాన్సర్ గడ్డలా కనబడొచ్చు. ముక్క తీసి పరీక్ష చేస్తేనే తేలుతుంది.

భయపెట్టేది ఏంటంటే, యురేటర్ మూసుకుపోతున్నా చాలామందికి డొక్క నొప్పే రాదు. రెండో కిడ్నీ భారం మోస్తుంది కాబట్టి రక్తంలో క్రియాటినిన్ కూడా నార్మల్‌గానే ఉండొచ్చు. అందుకే ఎండోమెట్రియోసిస్ అని తేలినా, గట్టి అనుమానం ఉన్నా కిడ్నీలకి కూడా అల్ట్రాసౌండ్ చేయించాలి. ఉబ్బు కనిపిస్తే ఎమ్మారై ఆ కణజాలం ఎంతవరకు పాకిందో చూపిస్తుంది. సీటీ యూరోగ్రామ్ గొట్టం ఎక్కడ సన్నబడిందో చెబుతుంది. రెండు కిడ్నీల్లో ఏది ఎంత పని చేస్తోందో రెనోగ్రామ్ లెక్కగడుతుంది.

పిన్ని రెనోగ్రామ్ చూస్తే, చెరి సగం చేయాల్సిన పనిలో ఎడమ కిడ్నీ పావు వంతు కూడా చేయట్లేదు. ఆపరేషన్‌తో యురేటర్‌ని విడిపించి స్టెంట్ వేశారు. మిగిలింది నిలబడింది. పోయింది తిరిగి రాలేదు.

హాస్టల్లో మాత్ర వేసుకుని ల్యాబ్‌కి వెళ్లిపోయే అమ్మాయిలూ, క్లాసు మానేసేంత నొప్పి మామూలు కాదు. తేదీలు రాసుకోండి, డాక్టర్‌కి చూపించండి. అబ్బాయిలూ, మీ ఇంట్లో కూడా ఒక గోడ క్యాలెండర్ ఉంటుంది. ఈసారి ఊరెళ్లినప్పుడు అమ్మనో అక్కనో ఓసారి అడగండి.