రంగుపెన్సిలును గట్టిగా నొక్కితే ఏమవుతుంది?

ఆకు బొమ్మకు రంగు వేయమంటే మీలో చాలామంది ఏం చేస్తారు? ఆకుపచ్చ పెన్సిలు తీసి, పళ్ళు బిగబట్టి, బలమంతా పెట్టి రుద్దుతారు. ఆకు రబ్బరు చెప్పులా మెరుస్తుంది. అయినా మధ్యమధ్య తెల్లచుక్కలు మిగిలే ఉంటాయి. పైన మరో రంగు వేద్దామంటే పట్టదు. దాంతో "నాకు బొమ్మలు రావండీ" అని పెన్సిళ్ళు పక్కన పడేస్తారు. ఈ చిక్కంతా పెన్సిలుకూ కాగితానికీ మధ్య ఏం జరుగుతుందో తెలియకపోవడం వల్లే.

మామూలు పెన్సిలు పుల్లను గ్రాఫైటు, బంకమన్ను కలిపి కొలిమిలో కాల్చి చేస్తారు. రంగుపెన్సిలు పుల్లను అలా కాల్చరు. కాలిస్తే రంగు చెడిపోతుంది. రంగుపొడి, తెల్లమన్ను, వాటిని కలిపి ఉంచే మైనం, జిగురు - అందులో ఉండేవి ఇవే.

ఇప్పుడు డ్రాయింగు కాగితాన్ని భూతద్దంతో చూడండి. నున్నగా కనిపించిన కాగితం దున్నిన చేనులా మిట్టపల్లాలుగా ఉంటుంది! మిట్టలు ఆకురాయిలా పుల్లను అరగదీసి, మైనంతోపాటు రంగును పట్టుకుంటాయి. పల్లాల్లోకి మొద్దుమొన దిగదు. ఆ తెల్లచుక్కలు అవే. గట్టిగా నొక్కారా, మిట్టలు అణగిపోతాయి, మైనం పూతలా పేరుకుంటుంది. ఆపైన రెండో రంగు జారిపోక ఏం చేస్తుంది? అందుకని మొన సన్నగా చెక్కి, పెన్సిలును కాస్త వెనక్కి పట్టుకుని, చేతి బరువు వేయకుండా ఒక పూత వేయండి. దానికి అడ్డంగా మరొకటి.

వెంకటాచలం చుట్టూ ఉన్న వరిచేలనే తీసుకోండి. నారుమడి పచ్చ వేరు, ఎదిగిన పైరు పచ్చ వేరు. పెట్టెలో ఉండేవి ఒకటో రెండో పచ్చలు. మరెలా? పసుపు పూత మీద నీలం పూత వేసి చూడండి. తెల్లని కాంతిలో నీలి భాగాన్ని పసుపు పీల్చుకుంటుంది, ఎరుపు భాగాన్ని నీలం పీల్చుకుంటుంది. రెండింటికీ చిక్కకుండా కాగితం నుంచి మన కంటికి తిరిగివచ్చేది ఆకుపచ్చ. పసుపు ఎక్కువైతే నారు, నీలం ఎక్కువైతే ముదురు పైరు. కాంతి రెండు పూతల్లోంచీ వెళ్ళి రావాలి కాబట్టి పూతలు పలచగా ఉండాలన్నమాట.

ఇక పక్షుల సంగతి. చలికాలంలో పులికాట్ సరస్సుకు వచ్చే ఫ్లెమింగోను మన పిల్లలు ముక్కు నుంచి కాళ్ళదాకా గులాబీ రంగుతో నింపేస్తారు. నిజానికి అక్కడి పెద్దరకం ఫ్లెమింగో ఒళ్ళు దాదాపు తెలుపే. ముదురు గులాబీ రెక్కల్లోనూ కాళ్ళకూ ఉంటుంది. ముక్కు కొన నలుపు. (ఆ గులాబీ కూడా తినే తిండిలోని కెరోటినాయిడ్లనే వర్ణకాల నుంచి వచ్చిందే!) తెలుపు కోసం పెన్సిలు వెతక్కండి, కాగితమే తెలుపు. ఆ చోటును ముందే వదిలేయాలి, ఎందుకంటే కాగితానికి పట్టిన మైనం రబ్బరుతో పూర్తిగా పోదు.

మందారాకు ఈనెలకు ఇంకో ఉపాయం ఉంది. సిరా అయిపోయిన బాల్‌పెన్నుతో ముందు ఈనెలు గీయండి. కాగితంలో గాడి పడుతుంది. పైన పెన్సిలును పక్కవాటుగా రుద్దితే ఈనెలు తెల్లగా తేలతాయి. రికార్డు పుస్తకంలో చేసి చూడండి.

ముదురుగా వేసిన రంగుమీద కొన్నాళ్ళకు తెల్లని పొగలాంటిది కనిపిస్తే బూజని కంగారుపడకండి. మైనమే పైకి తేలింది. మెత్తని గుడ్డతో తేలిగ్గా తుడిస్తే పోతుంది.