తక్కువ అద్దె కంప్యూటర్లపై పాల బిల్లుల లెక్క

గత సర్వసభ్య సమావేశంలో జమాఖర్చుల పట్టిక చదువుతున్నప్పుడు ఒక సభ్యుడు లేచి, "కంప్యూటరు అద్దె అని ఒక పద్దు రాశారు. ఆఫీసులో కంప్యూటర్లు మనవే కదా, ఈ అద్దె ఎవరికి కడుతున్నారు?" అని అడిగారు. ప్రశ్న సమంజసమైనది. ఆ సొమ్ము మీ పాల మీద వచ్చిన మిగులులో నుంచే పోతున్నది. సభలో సమయం చాలక చెప్పలేకపోయిన సంగతులను ఇక్కడ వివరిస్తున్నాము.

ఉదయం, సాయంత్రం మీరు సంఘంలో పోసిన పాల కొలత, వెన్న శాతం, వెన్నేతర ఘనపదార్థాల శాతం యంత్రంలో నమోదై సమాఖ్యకు చేరుతున్నవి. ఒక్క సభ్యునికి పక్షానికి 30 పూటల లెక్క. ప్రతి పూటకూ రేటు కట్టి, దాణా సొమ్ము, అప్పు వాయిదా, పశు బీమా మినహాయించి, నికరం తేల్చాలి. అన్ని సంఘాలకూ కలిపి ఇది పెద్ద పనే గాని, పక్షానికి ఒకటి రెండు రాత్రుల పని. దీని కోసం పెద్ద యంత్రాలు కొని పెట్టుకొంటే మిగిలిన రోజులన్నీ ఊరికే పడి ఉంటాయి. నాలుగెకరాల వరి కోయడానికి కోత మిషను కొన్నట్లవుతుంది. అందుచేత గంటల లెక్కన అద్దెకు తీసుకొంటున్నాము. దీనినే క్లౌడ్ అంటున్నారు. మేఘమని పేరే గాని అవి నేల మీద, భవనాలలో వరుసగా పేర్చి ఉన్న యంత్రాలే. ఇటువంటి కేంద్రాలను అమెజాన్ కంపెనీ 2016లో ముంబయి ప్రాంతంలోను, 2022లో హైదరాబాదులోను ప్రారంభించింది. గూగుల్, మైక్రోసాఫ్ట్ కంపెనీలకు కూడా మన దేశంలో ఇవి ఉన్నవి.

అద్దె రెండు విధాలు. మొదటిది మామూలు అద్దె. యంత్రం మనం వదిలేవరకు మనదే. రెండవది స్పాట్ అద్దె. ఆ కంపెనీలు ఎప్పుడు గిరాకీ వచ్చినా తట్టుకొనేందుకు కొన్ని యంత్రాలను అదనంగా ఉంచుకొంటాయి. అవి ఖాళీగా ఉన్నంతసేపు తక్కువ అద్దెకు ఇస్తాయి. గుంటూరు యార్డులో మిర్చి దింపి ఖాళీగా తిరిగివచ్చే లారీ తక్కువ కిరాయికి సరుకు ఎక్కించుకొంటుంది కదా, ఇదీ అటువంటిదే. అమెజాన్ వారు 2009 డిసెంబరులో ఈ పద్ధతి ప్రారంభించారు. మామూలు అద్దె కంటె 90 శాతం వరకు తగ్గవచ్చునని వారే చెబుతున్నారు. మొదట్లో దీనికి వేలం పాట ఉండేది. 2017 చివరి నుండి పాట తీసివేశారు. గిరాకీని బట్టి ధర నెమ్మదిగా మారుతూ ఉంటుంది.

అయితే లారీకి పూర్తి కిరాయి ఇచ్చేవాడు దారిలో దొరికితే మన సరుకు దింపివేస్తారు. ఇందులో ఉన్న షరతు అదే. అమెజాన్ వారు రెండు నిమిషాల ముందు తెలియజేసి యంత్రం వెనక్కు తీసుకొంటారు. గూగుల్, మైక్రోసాఫ్ట్ వారిచ్చే వ్యవధి సుమారు 30 సెకన్లే. అప్పటివరకు ఆ యంత్రంలో చేసిన లెక్కను మరొకచోట భద్రపరచకుంటే అది పోయినట్లే.

ఇది పాడి రైతులకు కొత్త సంగతి కాదు. ఒకప్పుడు పంపుసెట్లకు కరెంటు రాత్రిపూట విడతలుగా ఇచ్చేవారు. ఎప్పుడు వస్తుందో, ఎప్పుడు పోతుందో తెలిసేది కాదు. అయినా పొలం తడిసేది. ఎందువల్ల? ఏ మడి వరకు నీరు పారిందో రైతు గుర్తుంచుకొనేవాడు. కరెంటు వచ్చాక ఆ మడి నుంచే మడవ తిప్పేవాడు గాని, మళ్లీ మొదటి మడి నుంచి పెట్టేవాడు కాదు. కంప్యూటరు లెక్కకు కూడా ఇదే సూత్రం. ఏ సంఘం వరకు లెక్క పూర్తయిందో ఆ యంత్రంలో కాక, వేరే భద్రమైన చోట రాసి ఉంచాలి. యంత్రం పోతే మరొక యంత్రం ఆ గుర్తు చూసి తరువాతి సంఘం నుంచి మొదలుపెడుతుంది.

చెప్పడం తేలికే గాని మొదట్లో మేమే పొరపాటు చేశాము. ఒక పక్షంలో లెక్క మధ్యలో యంత్రం ఆగిపోయింది. గుర్తు ప్రకారం తిరిగి మొదలైంది కూడా. కాని ఆగిన క్షణంలో ఒక సంఘం లెక్క సగంలో ఉన్నది. అప్పటికే కొందరు సభ్యుల ఖాతాలలో దాణా మినహాయింపు పడింది. పూర్తయినట్లు గుర్తు మాత్రం పడలేదు. రెండవ యంత్రం ఆ సంఘాన్ని మొదటి నుంచి లెక్కించి, దాణా సొమ్ము మరొకసారి కోసింది. ఆ సంఘం కార్యదర్శి బిల్లులు చూసి, "ఒక్క బస్తా తీసుకున్నవారికి రెండు బస్తాల సొమ్ము పోయిందండీ" అని ఫోను చేసేవరకు మాకు తెలియలేదు. సొమ్ము తరువాతి పక్షంలో తిరిగి ఇచ్చాము. కాని రెండు గేదెలతో ఇల్లు గడుపుకొనేవారికి పదిహేను రోజుల ఆలస్యం చిన్న విషయం కాదు. అద్దెలో మేము ఆదా చేసినది అటువంటివారి చేతి నుంచి తీసినట్లయింది.

తప్పు యంత్రం ఆగడంలో లేదు, మేము లెక్క రాసిన తీరులో ఉన్నది. పాత పద్ధతిలో "ఖాతా నుంచి ఇంత తగ్గించు" అని ఉండేది. రెండుసార్లు జరిగితే రెండుసార్లు తగ్గుతుంది. ఇప్పుడు "ఫలానా సంఘం, ఫలానా పక్షం, ఫలానా సభ్యుని మినహాయింపు ఇంత" అని రాయిస్తున్నాము. ఎన్నిసార్లు రాసినా పాతదాని స్థానంలోనే పడుతుంది, పక్కన చేరదు. పైగా ఒక సంఘం లెక్క మొత్తం పూర్తయితేనే ఖాతాలకు ఎక్కుతుంది, సగంలో ఎక్కదు. మా అనుభవంలో స్పాట్ అద్దెకు వెళ్లేముందు చేయవలసిన మొదటి మరమ్మతు ఇదే. ఇది చేయకుండా ధర చూసి వెళ్లరాదు.

బిల్లుల లెక్కకు సంఘం ఒక సహజమైన మడి. కొన్ని లెక్కలకు అటువంటి గట్టు ఉండదు. సంతాన పరీక్షలో కూతుళ్ల పాల దిగుబడిని బట్టి ఆంబోతు విలువ కట్టే లెక్క గంటల తరబడి ఏకబిగిన నడుస్తుంది. దానిని ఎంతసేపటికి ఒకసారి భద్రపరచాలి? తరచుగా చేస్తే ఆ పనికే కాలం పోతుంది, అరుదుగా చేస్తే ఆగినప్పుడు నష్టం ఎక్కువ. దీనికి 1974లో జాన్ యంగ్ అనే ఆయన ఒక సూత్రం ప్రచురించారు. భద్రపరచడానికి పట్టే నిమిషాలను, సగటున ఎన్ని నిమిషాలకు ఒకసారి ఆగుతుందో ఆ సంఖ్యతో గుణించి, రెట్టింపు చేసి, వర్గమూలం తీయాలి. భద్రపరచడానికి 1 నిమిషం పట్టి, 8 గంటలకు ఒకసారి, అనగా 480 నిమిషాలకు ఆగుతుందనుకొంటే, 960కి వర్గమూలం సుమారు 31. అరగంటకు ఒకసారి భద్రపరిస్తే చాలును.

ఇక ఆదా ఎంత? ఉదాహరణకు గంటకు మామూలు అద్దె 40 రూపాయలు, స్పాట్ అద్దె 12 రూపాయలు అనుకొందాము. 10 యంత్రాలు 6 గంటలు నడిస్తే 60 గంటల అద్దె, మామూలు లెక్కన 2,400 రూపాయలు. స్పాట్ మీద మధ్యలో ఆగి, కొంత పని తిరిగి చేసి 72 గంటలు పట్టినా 864 రూపాయలే. కాని గుర్తులు లేకుండా, ఆగినప్పుడల్లా మొదటికి వచ్చి 200 గంటలు పడితే మళ్లీ అదే 2,400. ఆదా పోయింది, బిల్లులూ ఆలస్యమైనవి. ఇంకొక మాట. యంత్రం వదిలినా దాని వెంట తీసుకొన్న డిస్కును వదలకపోతే దాని అద్దె నడుస్తూనే ఉంటుంది. ఇది తరచుగా మరచిపోయే ఖర్చు.

ఒకే రకం యంత్రం మీద ఆధారపడితే, దానికి గిరాకీ వచ్చినప్పుడు అన్నీ ఒకేసారి పోతాయి. అందుచేత నాలుగైదు రకాలు, రెండు మూడు కేంద్రాలు అడిగి ఉంచుకొంటున్నాము. అన్నిటికంటె చవకైనదాని కంటె, ఎక్కువ ఖాళీ ఉన్న రకమే మేలు. అప్పటికీ తెల్లవారుజామున 4 గంటలకు మిగిలిపోయిన సంఘాలు ఉంటే వాటిని మామూలు అద్దె యంత్రాల మీదకు మారుస్తున్నాము. ఆ రాత్రి ఖర్చు పెరిగినా సరే, బట్వాడా తేదీ తప్పకూడదు.

అన్ని పనులూ దీనికి తగవు. ఉదయం సంఘం దగ్గర క్యాన్లతో వరుస నిలబడి ఉన్నప్పుడు కొలత, వెన్న శాతం అందుకొనే యంత్రం ఆగరాదు. సభ్యుల ఖాతాలుండే యంత్రమూ, బ్యాంకుకు చెల్లింపుల జాబితా పంపే యంత్రమూ అంతే. ఇవి మామూలు అద్దె మీదనే ఉంటవి. బ్యాంకుకు జాబితా పంపేముందు సంఘాలవారీ లీటర్ల మొత్తాన్ని, దాణా గోదాము వారి బస్తాల లెక్కను బిల్లులతో సరిచూస్తున్నాము. తేడా వస్తే ఆ సంఘం జాబితా ఆగుతుంది.

కార్యదర్శులకు ఒక మనవి. పక్షం చివరి రోజు సాయంత్రం పూట లెక్క ఆ రాత్రే పంపండి. ఆలస్యంగా వచ్చిన సంఘాన్ని విడిగా మళ్లీ లెక్కించవలసి వస్తున్నది. బిల్లులు రాగానే దాణా, అప్పు మినహాయింపులను మీ పుస్తకంతో పోల్చి, తేడా కనిపిస్తే బట్వాడాకు ముందే మా లెక్కల విభాగానికి సంఘం నంబరు, పక్షం తేదీలతో సహా తెలియజేయండి. ఆ రోజే తిరిగి లెక్కించి పంపుతాము.