పీడిత జన సాహిత్యము – పఠన విధానము

జనపీడనమును వర్ణించు సాహిత్యము కన్నీరు తెప్పించుటతో ముగియరాదు. బాధపడినవారెవరు, దానిని చెప్పినవారెవరు, ఎవరి మాట వినరాలేదు అను మూడు ప్రశ్నలను అది పాఠకునియందు మేల్కొల్పవలయును. బీదరు జిల్లాలోని సంతపూర్ ప్రాంతపు తెలుగువారికి ఈ ప్రశ్నలు దూరపువి కావు. ఆ సీమ 1956 వరకు హైదరాబాదు రాష్ట్రములోనిది.

1948 మే మాసమున ఈ జిల్లాయందలి గోరటా గ్రామమున రజాకార్లు 200 మందికి పైగా వధించిరని ప్రసిద్ధి. ఆనాటి నిర్బంధములో దాశరథి కృష్ణమాచార్యులు నిజామాబాదు చెరసాల గోడలపై బొగ్గుతో పద్యములు వ్రాసిరి. ఆయన ‘అగ్నిధార’ 1949లో వెలువడినది. వట్టికోట ఆళ్వారుస్వామి నవల ‘ప్రజల మనిషి’ వెట్టిచాకిరిని, భూముల అపహరణమును చిత్రించినది. పద్యము వేదనను తెలుపగా, నవల దాని మూలములను తెలుపుచున్నది.

కథ అంతటితో ముగియలేదు. 1948 సెప్టెంబరు నాటి సైనికచర్య పిమ్మట ముస్లిములపై హత్యాకాండ జరిగెను. సుందర్‌లాల్ సంఘము సంస్థానమంతట మృతులు 27,000 మొదలు 40,000 వరకు ఉందురని అంచనా వేసి, మిక్కిలి నష్టపడిన నాలుగు జిల్లాలలో బీదరును పేర్కొనెను. ఆ నివేదిక చిరకాలము ప్రజలకు అందలేదు. పై గ్రంథముల సరసన దానిని గూడ చదువవలయును.

రజాకార్ల నేరము ముస్లిములందరి నేరము కాదు. వారిని ఎదిరించి వ్రాసిన ‘ఇమ్రోజ్’ సంపాదకుడు షోయబుల్లాఖాన్ 1948 ఆగస్టులో హత్యకు గురియయ్యెను. ఒక దుఃఖమును చదివి రెండవదానిని విడిచినచో సాహిత్యము పగకు ఆయుధమగును. ఇరుతెగల పిల్లలును ఒకే బల్లపై కూర్చుండు తరగతిలో ఆ రెంటిని చదివించుటయే ధర్మము.