మందు వేసిన ఆవు పేడ జీవామృతంలో కలపొచ్చా?

సాలూరు చుట్టుపక్కల వానలు మొదలైతే పశువులకి జ్వరం, పారుడు, పొదుగువాపు ఒకదాని వెనక ఒకటి. "మూడ్రోజులు సూదులు వేయించాం, ఆవు లేచింది. ఆ పేడతో జీవామృతం కలుపుకోవచ్చా అండీ?" అని రైతులు అడుగుతుంటారు. సూటి జవాబు: వద్దు.

ముందు ఆ సీసా మీద పేరు చూడండి. ఎన్రోఫ్లాక్సాసిన్ అని ఉంటే అది ఫ్లోరోక్వినలోన్ జాతి యాంటీబయాటిక్. మనుషులకి ఇచ్చే సిప్రోఫ్లాక్సాసిన్‌కి అన్నదమ్ముల వరస. ఆవు ఒంట్లో ఇందులో కొంత సిప్రోగానే మారుతుంది. బ్యాక్టీరియా పెరగాలంటే దాని డీఎన్‌ఏ మెలికలు విడాలి. ఆ పని చేసే ఎంజైముని ఈ మందు పట్టేస్తుంది, బ్యాక్టీరియా చస్తుంది. కానీ మందంతా ఒంట్లోనే అరిగిపోదు. మూత్రంలో, పేడలో బయటికొస్తుంది. నేలలో పడితే బంకమట్టికి అతుక్కుని నెలల తరబడి ఉండిపోగలదు.

ఇప్పుడు జీవామృతం సంగతి. 200 లీటర్ల నీళ్లు, 10 కిలోల పేడ, ఆవు మూత్రం, 2 కిలోల బెల్లం, 2 కిలోల పప్పుపిండి, గుప్పెడు గట్టుమట్టి. ఇదంతా సూక్ష్మజీవుల్ని పెంచడానికేగా! అందులో మందు పడితే మేలు చేసేవి దెబ్బతింటాయి. మందుకి తట్టుకున్న మొండివి అదే బెల్లం తిని పెరగొచ్చు. వాటిని మన చేతులతో మనమే చేనంతా చల్లినట్టు అవుతుంది.

ఈ మందు నీళ్లలో కలిస్తే ఎలా ఉంటుందో పటాన్‌చెరు చూపించింది. అక్కడ మందుల కంపెనీల మురుగుని శుద్ధి చేసి వదిలిన నీటిలో లీటరుకి 31 మిల్లీగ్రాముల వరకు సిప్రో ఉందని స్వీడన్ శాస్త్రవేత్తలు 2007లో ప్రకటించారు. మాత్ర వేసుకున్న రోగి రక్తంలో కూడా అంత ఉండదు. మన పాకలో పడేది దాని ముందు చుక్కే. కానీ ఇంటింటా పడే చుక్క అది. టైఫాయిడ్‌కి ఒకప్పుడు సిప్రో అంటే గట్టి నమ్మకం. ఇవాళ మన దేశంలో చాలా టైఫాయిడ్ కేసుల్లో అది పనిచెయ్యడం లేదు. కోళ్ల నుంచి మనుషులకి మొండి బ్యాక్టీరియా వస్తోందని అమెరికా 2005లోనే కోళ్లకి ఎన్రోఫ్లాక్సాసిన్ ఆపేసింది.

అలాగని జబ్బు పడ్డ పశువుని వైద్యం లేకుండా వదిలెయ్యకూడదు. ఇలా చెయ్యండి:

• పశువైద్యుడు చూశాకే సూది. 1962కి ఫోన్ చేస్తే సంచార పశువైద్య వాహనం వస్తుంది.
• గాలికుంటు, కోళ్లకి కొక్కెర తెగులు వైరస్ జబ్బులు. ఈ మందు వాటిని చంపదు. ముందుగా టీకా వేయించడమే దారి.
• చెప్పినన్ని రోజులూ పూర్తి మోతాదు వేయించండి. ఆవు లేచిందని మధ్యలో ఆపొద్దు.
• సీసా మీద రాసిన గడువు దాటేదాకా పాలు, గుడ్లు, మాంసం వాడొద్దు. గడువు రాసి లేకపోతే నిబంధన ప్రకారం పాలు, గుడ్లకి కనీసం 7 రోజులు, మాంసానికి 28 రోజులు.
• ఆ గడువు పాలకి లెక్కకట్టింది, పేడకి కాదు. అందుకే ఆ పశువు పేడ, మూత్రం వేరే గోతిలో వెయ్యండి. గెడ్డలోకి, కూరగాయల మడికి పోనివ్వొద్దు. అన్నాళ్లూ మందు పడని ఆవు పేడ తెచ్చుకోండి.

వీడియోలో జీవామృతం కలిపే పద్ధతి చూసేముందు ఒక్క పని చెయ్యండి. పాక గుంజకి ఒక కాగితం కట్టి, ఏ పశువుకి ఏ మందు ఏ తేదీన వేశారో రాసుకోండి. పేడ ఎత్తేముందు ఆ కాగితం చూడండి.