ఆన్‌లైన్ దుకాణములో సరుకుల పట్టిక

చేనేత సహకార సంఘములును, మహిళా సంఘములును నేడు తమ సరుకును ఆన్‌లైన్ దుకాణముల ద్వారా దూర పట్టణములకు అమ్ముచున్నవి. అంగడికి వచ్చిన కొనుగోలుదారు చీర మడత విప్పి, అంచు పట్టి చూచును. ఆన్‌లైనులో కొనువారికి పట్టికలోని ఫోటో, వివరము, ధర మాత్రమే ఆధారము. కావున పట్టికయందలి ప్రతి మాటయు సరుకుతో సరిపోవలెను.

ఒక ఉదాహరణము చూడుడు. 5.5 మీటర్ల చీరకు 80 సెంటీమీటర్ల రవిక గుడ్డ చేర్చి నేసినప్పుడు ఆ కొలతలను విడివిడిగా తెలుపవలెను. ఊరక ‘6.3 మీటర్ల చీర’ అని వ్రాసినచో కొన్నవారు మోసపోయితిమని తలంతురు. చీర తిరిగి వచ్చును. రానుపోను రవాణా ఖర్చు సంఘముపై పడవచ్చును. ప్రకటించిన లక్షణములు లేని సరుకును తిరిగి తీసికొనుటకు అమ్మకందారు నిరాకరింపరాదని 2020 నాటి వినియోగదారుల రక్షణ (ఈ-కామర్స్) నిబంధనలు తెలుపుచున్నవి. చేనేత మార్కు పొందని సరుకునకు ఆ గుర్తు ఉన్నట్లు చూపుట మరింత ప్రమాదకరము.

పట్టికను సరిగా నుంచుటకు అధిక వ్యయము అవసరము లేదు. ఈ క్రింది పద్ధతులు చాలును.

1. ప్రతి సరుకునకు ఒక సంఖ్య నీయవలెను. స్టాకు రిజిస్టరులోను, సరుకుపై చీటిలోను, ఆన్‌లైన్ పట్టికలోను అదే సంఖ్య ఉండవలెను.

2. నూలు, కొలత, ఉతుకు విధానము వంటి మారని వివరములను ఒకసారి జాగ్రత్తగా వ్రాసిన చాలును. ధర, నిల్వ మాత్రము మారుచుండును. దినదినము సరిచూడవలసినవి ఈ రెండే.

3. ఒక్కొక్కటిగా నేసిన చీరలకు వేర్వేరు ఫోటోలు కావలెను. సంఘము నిర్వహింపగలిగినన్ని చీరలనే పెట్టి, అమ్ముడైన దానిని వెంటనే తొలగింపవలెను. పగటి వెలుతురులో తీసిన ఫోటోలో రంగు చాలవరకు సరిగా తెలియును.

4. రెండు దుకాణములలో అమ్మునప్పుడు నిల్వను రెండు భాగములుగా పంచవలెను. లేనిచో ఉన్న ఒక్క చీరను ఇద్దరు కొందురు. ఒకరికి నిరాశ తప్పదు.

ఈ పనిని అందరిపై వదలిన ఎవరును చేయరు. లెక్క తెలిసిన ఒకరికి దీనిని అప్పగించి, వారమున కొకసారి రిజిస్టరుతో పట్టికను సరిచూపించవలెను.

పంచాయతీ సభ్యులు తమ గ్రామములోని సంఘములను మూడు ప్రశ్నలు అడుగవచ్చును: పట్టికకు బాధ్యులెవరు? కడపట సరిచూచినది ఎన్నడు? నెలలో ఎన్ని సరుకులు, ఏ కారణముచే తిరిగి వచ్చినవి? మూడవ ప్రశ్నకు వచ్చు సమాధానమే పట్టికలోని లోపమును చూపును. ఆ లోపము దిద్దిన యెడల తిరుగు రవాణాకు పోవు సొమ్ము నేతగాని కూలికి మిగులును.