వేడి పెంచితే కరెంటు పెరుగుతుందా?

"ఆవిరి ఎంత వేడెక్కితే అంత కరెంటు వస్తుంది కదా సార్?" హోసూరు ప్రాంతంలోని మా తెలుగు బడిలో పదో తరగతి పిల్లల ప్రశ్న ఇది. కాదని చెప్పి ఊరుకోకుండా లెక్క కట్టించాం.

ప్రశ్నకు కారణం అనంతపురం జిల్లా నాగలాపురంలో 2014లో మొదలైన 50 మెగావాట్ల సౌరవిద్యుత్ కేంద్రం గురించి మేము చెప్పిన పాఠం. అక్కడున్నవి సోలార్ ప్యానెళ్లు కావు. దోనెలా వంగిన అద్దాలు గొట్టంలోని నూనెను కాస్తాయి. ఆ వేడితో పుట్టిన ఆవిరి టర్బైన్‌ను తిప్పి, చల్లబడి నీరై, పంపు ద్వారా మళ్లీ మొదటికి వస్తుంది. ఇదే రాంకిన్ చక్రం. ఇలాంటి చక్రాన్ని కట్టకముందే కంప్యూటర్‌లో నడిపి చూడటమే సిమ్యులేషన్. మా దగ్గర ఉన్నది నోటు పుస్తకం, కాలిక్యులేటర్.

అద్దాల మీద పడే ఎండ 100 పాళ్లు, గొట్టానికి చేరేది 75 అనుకున్నాం. బయటి గాలి 30 డిగ్రీలు. గొట్టం అంతకంటే ప్రతి 10 డిగ్రీలు వేడెక్కినకొద్దీ 1 పాలు గాల్లో కలుస్తుంది. ఇవి లెక్క కోసం పెట్టుకున్న అంకెలే. మిగిలిన వేడిలో పనిగా మారగల గరిష్ఠ భాగానికి 1824లో కార్నో దారి చూపాడు: చల్లని వైపు ఉష్ణోగ్రతను వేడి వైపు ఉష్ణోగ్రతతో భాగించి 1లోంచి తీసేయాలి.

మొదటిసారి సగం ఎండ కరెంటైపోయింది! సెల్సియస్‌కు 273 కలిపి కెల్విన్‌లోకి మార్చడం మరిచారు. మళ్లీ కడితే 130 డిగ్రీల దగ్గర 16 పాళ్ల పని వచ్చింది, 280 దగ్గర 22.6. 430కి వెళ్లేసరికి 20కి దిగిపోయింది. ఒకమ్మాయి తప్పు చేశానేమోనని మూడుసార్లు కట్టింది. తప్పు లేదు. వేడి పెరిగితే యంత్రానికి లాభమే, కానీ గొట్టం నుంచి పోయేదీ పెరుగుతుంది.

గొట్టం చుట్టూ గాజు తొడిగి, మధ్య గాలి తీసేస్తే నష్టం తగ్గుతుంది. దాన్ని సగం చేసి కట్టిస్తే శిఖరం 460 డిగ్రీలు దాటింది. నిజం యంత్రంలో ఫలితం ఇంతకంటే తక్కువే, మబ్బుల సంగతి సరేసరి.

"ప్లస్ వన్‌లో ఇంగ్లిష్‌కు మారితే మావాడు నిలుస్తాడా?" అని తల్లిదండ్రులు మమ్మల్ని తరచూ అడుగుతారు. ఆ భయం ఉత్తిది కాదు. అందుకే పదాలను రెండు వరుసల్లో రాయించాం: ఉష్ణగతిశాస్త్రం పక్కన థర్మోడైనమిక్స్, దక్షత పక్కన ఎఫిషియెన్సీ. లెక్క మాత్రం తెలుగులోనే నడిచింది.

ఆ నూనె సుమారు 400 డిగ్రీలు దాటితే విచ్ఛిన్నమవుతుందని చెప్పగానే, మూడుసార్లు కట్టిన అమ్మాయే అడిగింది: "అయితే 460కి నూనె బదులు ఏం పోస్తారు సార్?" కొన్ని దేశాల్లో కరిగించిన ఉప్పులు వాడుతున్నారు. వచ్చేవారం పాఠం అదే.